విశ్వసనీయ వర్గాల భోగట్టా

మా అమ్మాయికి ప్రభుత్వోద్యోగం ఖాయమైందని ఉత్తరం వచ్చిన రోజున నాకు కుడికన్ను అదిరింది. ఆడవాళ్ళకు కుడికన్ను అదిరితే మంచిది కాదు. ఆ మాటే మా ఆయనతో అన్నాను. ఆయనకు రేపల్లె బజారులో గడియారాల రిపేరు కొట్టు ఉంది. కంటికి భూతద్దం బిగించుకుని ఎవరిదో వాచీ విప్పుకుని కూర్చున్నారు. తలెత్తకుండానే "అదిరేది కన్నేగా, కానియ్యి" అన్నారు. మస్తాన్రావు గారంటే అంతే. ఇల్లు కాలుతోందన్నా ఏ గదిలో అని అడిగే రకం.

అమ్మాయి పేరు వాసంతి. షార్ట్‌హ్యాండులో జిల్లాకు మొదటిది. నిమిషానికి నూట నలభై మాటలు రాస్తుంది. చిన్నప్పటినుంచీ వాళ్ళమ్మ మాటలు వింటూ పెరిగింది కాబట్టి ఆ వేగం దానికో లెక్క కాదని మా ఆయన అందరికీ చెబుతుంటారు. ఉద్యోగం రాజధానిలో, శాసనసభ కార్యాలయంలో. సభ్యులు మాట్లాడిందల్లా పొల్లుపోకుండా రాసిపెట్టాలి. రెండేళ్ళు చూసి, అప్పుడు పర్మినెంటు చేస్తారట. నేను ఎనిమిదో తరగతితో ఆగిపోయినదాన్ని. నా కడుపున పుట్టినది శాసనసభలో కూర్చుని రాస్తుందంటే సంతోషించాలి. సంతోషించాను కూడా. ఒక పూట.

సరిగ్గా ఆ ఏడే శాసనసభవారు ఒక కొత్త చట్టం చేశారు. ప్రభుత్వంలో నిఘా విభాగమని ఒకటి ఉంటుంది. అందరినీ చాటుగా కనిపెట్టి ఉండటం దాని పని. మరి దాన్ని కనిపెట్టి ఉండేదెవరని పత్రికల్లో పెద్ద గోల జరిగింది. అందుకని ఏడుగురు శాసనసభ్యులతో ఒక పర్యవేక్షణ సంఘాన్ని వేశారు. ఆ సంఘం నిఘా విభాగాన్ని ఏమైనా అడగవచ్చు. సమాచారం ఎవరిచ్చారు, ఎలా సంపాదించారు, అది నిజమేనా, దానివల్ల ఏమైంది అనే నాలుగూ మాత్రం అడగకూడదు. అవి రహస్యాలు. మిగిలినవన్నీ అడగవచ్చు.

మిగిలినవి ఏమున్నాయా అని సంఘంవారు మూడు సమావేశాలు పెట్టి ఆలోచించారట. చివరికి పట్టుబట్టి ఒక్క నిబంధన సాధించారు. నిఘా విభాగం ప్రభుత్వానికి ఏ హెచ్చరిక చేసినా అది ఇద్దరు వేర్వేరు మనుషుల నోటివెంట వచ్చి ఉండాలి. ఒక్కరు చెబితే చెల్లదు. ఇద్దరు చెప్పారా లేదా అని సంఘం చూసి, చెప్పి ఉంటే ముద్ర వేస్తుంది. ప్రజాస్వామ్యానికి ఇది పెద్ద మలుపని సంపాదకీయాలు రాశారు.

ఆ సంఘంలో జరిగేదంతా రాయడానికి మా వాసంతిని వేశారు. దానిచేత ప్రమాణం చేయించి సంతకం తీసుకున్నారు. లోపల విన్నది బయట ఒక్కరికి చెప్పినా ఉద్యోగం పోతుంది. అదొక్కటే అయితే సర్దుకుపోదుము. ఏడేళ్ళ జైలు కూడా ఉంది.

రోజూ సాయంత్రం ఏడింటికి దానికి ఫోన్ చేసేదాన్ని.

"ఏం చేశారే ఇవాళ ఆఫీసులో?"

"చెప్పకూడదమ్మా."

"నేనెవరితో అంటానే? నాకు చెప్పు."

"నీకు చెప్పడమంటే వీధి మొత్తానికి చెప్పడమేగా."

"చెప్పకూడనంత ఘోరం ఏం జరిగింది తల్లీ?"

"ఏం జరగలేదమ్మా. ఏం జరగలేదని కూడా చెప్పకూడదు నేను."

ఇక నాకు అన్నం ఎలా సయిస్తుంది? చెబితే ఒక్క విషయానికే భయపడతాం. చెప్పకపోతే అన్నిటికీ భయపడాలి. ఈ సంగతి చట్టం చేసినవారికి తట్టలేదు. వాళ్ళలో తల్లులు తక్కువ.

ఒకరోజు దాని గొంతు బొంగురుగా ఉంది.

"గొంతేందే అట్టా ఉంది?"

"చల్లటి నీళ్ళు తాగానమ్మా."

"ఎక్కడి నీళ్ళు?"

"మేడమీద ట్యాంకువి."

"దానికి మూతుందా?"

"నేనెక్కి చూశానా?"

"మూత లేకపోతే ఎవడన్నా ఏదన్నా కలిపితే? ఏడుగురు పెద్దమనుషులు తాగే నీళ్ళు! పొద్దున్నుంచీ నాకు కుడికన్ను అదురుతానే ఉంది. ఆ నీళ్ళు తాగబాకు తల్లీ, నీకు దణ్ణం పెడతా."

ఫోన్ పెట్టేసి పెరట్లోకి వెళ్ళాను. పక్కింటి సౌభాగ్యం వదిన గోడకు అటువైపు బట్టలారేస్తోంది. గుండెలో బరువు దించుకోవాలి కదా, చెప్పాను. సౌభాగ్యం వదినకు చీరాలలో చెల్లెలుంది. వాళ్ళూ రోజూ మాట్లాడుకుంటారు. "మన వాసంతి పనిచేసే చోట నీళ్ళల్లో ఏదో కలిపారంట" అని వదిన ఫోన్లో అంటుంటే నాకు ఇటువైపు వినబడింది. అంటే అన్నానని కాదు గానీ, వదిన ఏ మాటా ఉన్నదున్నట్టు దాటించదు. కాస్త తాలింపు పెడుతుంది.

నాలుగోరోజు పేపర్లో మొదటి పేజీలో పడింది. శాసనసభ ట్యాంకులన్నీ ఖాళీ చేయించారట. నీటిలో విషం కలిపే కుట్ర భగ్నమైందట. విశ్వసనీయ వర్గాల భోగట్టా అని రాశారు.

"చూశారా? నేనన్నానా లేదా?" అని పేపరు తీసుకెళ్ళి మా ఆయన ముందు పెట్టాను. ఆయన భూతద్దంతోనే వార్త చదివి, "నీకంటే ముందు పసిగట్టినవాడు ఇంకోడున్నాడన్నమాట. గట్టివాడే" అన్నారు.

సాయంత్రం వాసంతికి ఫోన్ చేస్తే ఇప్పుడు సీలు వేసిన సీసాల నీళ్ళు ఇస్తున్నారని చెప్పింది.

"సీసాలెందుకిస్తన్నారే? ఊరికే ఇస్తారా? లోపల ఇంకా ఏదో ఉంది."

"ఏం లేదమ్మా. మెట్లెక్కి ఆయాసంగా ఉంది, పడుకుంటా."

"మెట్లెక్కడమేంది? లిఫ్టు లేదా?"

"ఉంది. కిర్రుమంటంది. అందుకే మెట్లెక్కా."

"కిర్రుమంటందా? ఓ నా తల్లీ! ఆ తాడు తెగితే? మంత్రులూ అదే ఎక్కుతారా?"

వారం తిరక్కుండా శాసనసభలో లిఫ్టులన్నీ మూసేశారు. ముసలి మంత్రులు మెట్లెక్కుతూ మధ్యలో కుర్చీ వేయించుకుని ఆగుతున్న ఫొటో పేపర్లో పడింది. లిఫ్టు తాళ్ళు కోసే ముఠా కోసం గాలిస్తున్నారని విశ్వసనీయ వర్గాల భోగట్టా. ఇంత పచ్చిగా నిజం కళ్ళబడ్డాక ఏ తల్లి ఊరుకుంటుంది? ఆ రోజునుంచీ నేను పూటకోసారి ఫోన్ చేశాను. పైకప్పు పెచ్చులూడుతుందేమో చూసుకోమన్నాను. మరుసటి సమావేశం బయట గడ్డిలో షామియానా కింద జరిగింది. గాలికి షామియానా గుంజ ఊడి నెత్తిన పడితే గతేమిటన్నాను, తలకేదన్నా పెట్టుకోమన్నాను. ఆ ఆదివారం టీవీలో చూపించారు. ఏడుగురు సభ్యులూ బల్ల చుట్టూ హెల్మెట్లు పెట్టుకుని కూర్చున్నారు. ఒక మూల మా వాసంతి కూడా హెల్మెట్ పెట్టుకుని రాసుకుంటోంది. అది స్కూటీ నడిపిన ఆరేళ్ళలో ఏనాడూ హెల్మెట్ పెట్టలేదు. నాకు ఒకపక్క కళ్ళు చల్లబడ్డాయి. మరోపక్క, ఇంతదాకా వచ్చిందంటే లోపల ఎంత ప్రమాదం ఉందో అని గుండె జారింది.

అప్పుడే మా ఇంటికి ఇద్దరు మనుషులు వచ్చారు. దోమల లెక్కకు వచ్చామన్నారు. ఇస్త్రీ చొక్కాలు, నల్లబూట్లు. దోమల లెక్కకు వచ్చినవాళ్ళు నీళ్ళతొట్టి వైపు చూడాలి. వీళ్ళు నా వైపు చూస్తున్నారు.

"మీకు విషయాలు ముందుగా ఎలా తెలుస్తాయమ్మా?" అన్నాడు పెద్దతను.

"ఏ విషయాలు నాయనా?"

"దోమల విషయాలే అనుకోండి."

"కన్ను అదురుద్ది. గుండెల్లో గుబులుగా ఉంటది. అంతే."

అతను జేబులోనుంచి చిన్న పుస్తకం తీసి చాలా శ్రద్ధగా రాసుకున్నాడు. రెండో అతను గోడ దగ్గరికి వెళ్ళి సౌభాగ్యం వదిన ఇంటివైపు తొంగిచూసి వచ్చాడు. కాఫీ ఇచ్చాను. వెళ్ళేటప్పుడు "ఒకే బండి మీద ఇద్దరూ హెల్మెట్ లేకుండా పోతన్నారు, లారీలు తిరిగే రోడ్డు, జాగ్రత్త నాయనా" అన్నాను. ఇద్దరూ ఒకరి మొహం ఒకరు చూసుకున్నారు. బండి అక్కడే వదిలేసి బస్సులో వెళ్ళిపోయారు.

పదోరోజున ప్రభుత్వ ముద్రతో కవరు వచ్చింది. అందులో ఉన్నది ఉన్నట్టు రాస్తున్నాను: "సంఖ్య ఒకటి, ఎ శ్రేణి మూలాధారమునకు వ్రాయునది. సంఘ సమావేశముల ఆంతరంగిక విషయములు మీకు ముందుగా తెలియుచున్నట్లు సంఘము దృష్టికి వచ్చినందున, సదరు విషయములను మీకు వెల్లడించిన సిబ్బందిని గుర్తించి చట్టరీత్యా శిక్షించుటకు వీలుగా తాము హాజరై సాక్ష్యమివ్వవలెను."

మూడుసార్లు చదివాను. మూలాధారం అంటే సమాచారం ఇచ్చే మనిషని, అది నేనేనని రెండోసారికి తెలిసింది. సిబ్బంది అంటే మా వాసంతి అని మూడోసారికి తెలిసింది. నలభై ఏళ్ళుగా లక్ష విషయాలకు భయపడ్డాను గానీ, నా భయమే నా బిడ్డను జైలుకు పంపుతుందని మాత్రం భయపడలేదు. ఆ ఒక్కటీ ఎలా మర్చిపోయానో నాకే తెలియదు.

మా ఆయన కొట్టు మూసేశారు. తెరిచిన వాచీని తెరిచినట్టే వదిలేసి రావడం ఆయన జన్మలో అదే మొదలు. బస్సులో నా పక్కన కూర్చుని, "నువ్వేమన్నా దాయగలిగే మనిషివా? ఉన్నదున్నట్టు చెప్పు. పిల్ల తప్పులేదని వాళ్ళకే తెలుస్తది" అన్నారు.

శాసనసభలో ఆయన్ని గేటు దగ్గరే ఆపేశారు. నన్ను గడ్డిలో షామియానా దగ్గరికి తీసుకెళ్ళారు. మూలాధారం మొహం ఎవరూ చూడకూడదట. అందుకని ఇద్దరు బంట్రోతులు నా ముందు ఒక దుప్పటి పట్టుకుని నిలబడ్డారు, పెళ్ళిలో అడ్డుతెర పట్టినట్టు. ఎడమవైపు బంట్రోతు పొట్టివాడు. ఆ పక్కనుంచి వాసంతి కనబడింది.

"ఏమే, అట్టా చిక్కిపోయావేంది?" అన్నాను.

"సాక్షి అడిగితేనే మాట్లాడాలి" అంది హెల్మెట్ లోపలినుంచి ఒక గంభీరమైన గొంతు. ఆయనే సంఘం అధ్యక్షులు దశరథరామయ్య గారు. "రిపోర్టరు గారూ, సాక్షి అన్నది రాశారా?"

"రాశానండి" అంది వాసంతి. "ఏమే అట్టా చిక్కిపోయావేంది, అని."

"మంచిది. సాక్షి తన పేరు చెప్పనక్కరలేదు. చెప్పకూడదు. చెప్పినా మేము వినకూడదు."

"అట్టాగేనండి. నా పేరు మాణిక్యమ్మ."

"వినలేదు. డైరెక్టరు గారు ప్రారంభించవచ్చు."

నిఘా విభాగం డైరెక్టరు గారు లేచారు. ఆయన పేరు కూడా రహస్యమట. బల్లమీద ఆయన ముందు పెట్టిన పేరు పలక మీద ఏమీ రాసిలేదు.

"అధ్యక్షా! సదరు మూలాధారం ద్వారా గత నాలుగు నెలల్లో నలభై మూడు హెచ్చరికలు అందాయి. సంఘ సిబ్బంది భద్రత నిమిత్తం వారి ఫోన్లనూ, వారితో మాట్లాడేవారి వీధిలోని ఫోన్లనూ మేము అనునిత్యం ఆలకిస్తున్న సంగతి తమకు విదితమే. సంఘం ఆ ఏర్పాటును పరిశీలించి సంతృప్తి కూడా వ్యక్తం చేసింది. ఆ ఆలకింపులోనే ఈ ఆణిముత్యం లభించింది."

"నలభై మూడింటిలో ఎన్ని నిజమయ్యాయి?" అన్నారు ఒక సభ్యులు.

"అది అడగకూడని ప్రశ్న. అయినా సభ మీద గౌరవంతో మనవి చేస్తున్నాను. ఒక్కటీ నిజం కాలేదు. విషం లేదు. తాడు తెగలేదు. పెచ్చు ఊడలేదు. నలభై మూడింటికి నలభై మూడూ నివారించాం!"

సభ్యులందరూ బల్లలు చరిచారు.

"రెండో నోరు సంగతి?" అన్నారు అధ్యక్షులు.

"ప్రతి హెచ్చరికనూ చీరాలతో మాట్లాడే వేరొక మహిళ ధ్రువీకరించింది."

"ఆ ఇద్దరికీ పరిచయం ఉందా?"

"ఇద్దరి మధ్యా ఒక గోడ ఉంది అధ్యక్షా."

"గోడ ఉందంటే వేర్వేరే" అని అధ్యక్షులు తృప్తిగా తల ఊపారు. హెల్మెట్ కాస్త ముందుకు జారింది.

"గోడ ఎంతెత్తు?" అంది ఒక ఆడగొంతు. కరుణామణి గారట, సభ్యురాలు. ఎన్నికల్లోకి రాకముందు కోర్టులో వకీలు.

"నడుమెత్తు ఉంటుందమ్మా."

"సరిపోతుంది. చట్టంలో ఎత్తు చెప్పలేదు" అన్నారామె.

తర్వాత డైరెక్టరు గారు గొంతు సవరించుకున్నారు. "ఇక అసలు సమస్య, అధ్యక్షా. ఈ మూలాధారానికి సంఘం ఏ నీళ్ళు తాగేదీ, ఎక్కడ కూర్చునేదీ తెలుసు. ఈ వివరాలు లోపలివారెవరో అందించి ఉండాలి. సంఘ సిబ్బందిలో ఆ నంబరుతో రోజూ మాట్లాడేది ఒక్కరే."

వాసంతి పెన్సిలు ఆగింది. నాకు పొట్టి బంట్రోతు పక్కనుంచి దాని చెయ్యి ఒక్కటే కనబడుతోంది. బొటనవేలు తెల్లగా పాలిపోయింది.

"రిపోర్టరు గారు ఆపారేం?" అన్నారు అధ్యక్షులు.

పెన్సిలు మళ్ళీ కదిలింది. తన మీద వచ్చిన నేరాన్ని తనే నిమిషానికి నూట నలభై మాటల చొప్పున రాసుకుంటోంది నా బిడ్డ.

ఇక ఆగలేదు నేను. దుప్పటి పక్కకు లాగాను. "అయ్యా, ఆ పిల్ల నాకేం చెప్పదండీ! ఏడుస్తా అడిగినా చెప్పదు. చెప్పదు కాబట్టేగా నాకీ భయం. నీళ్ళూ నేననుకున్నదే, లిఫ్టూ నేననుకున్నదే. మీ సంగతులు నాకేం తెలుసు? నాకేం తెలియదు. పుట్టినకాడ్నుంచీ నాకు భయం, అంతే."

ఏడు హెల్మెట్లూ నా వైపు తిరిగాయి. సంతోషించాను, నమ్మారు కదా అని. నమ్మారు కూడా. అందుకే అందరి మొహాలూ మాడిపోయాయి.

అధ్యక్షులు హెల్మెట్ తీసి బల్లమీద పెట్టారు. "చూడమ్మా. ఆ నలభై మూడు హెచ్చరికల మీదా ఈ సంఘం ముద్ర ఉంది. ట్యాంకులు ఖాళీ చేయించాం. మంత్రులను మెట్లెక్కించాం. మీకేమీ తెలియదంటే మేము దేనిని పర్యవేక్షించినట్టు?"

"మూలాధారం తనకేమీ తెలియదంటోంది" అన్నారు డైరెక్టరు గారు కంగారుగా. "బాగా తెలిసినవారే అలా అంటారు, అధ్యక్షా. అది శిక్షణ."

"శిక్షణేంది బాబూ, ఎనిమిదో తరగతి నాది."

"తెలియదనే మాట వెనక్కి తీసుకోండి" అన్నారు అధ్యక్షులు.

"తీసుకుంటే?"

"తెలుసన్నట్టు. అప్పుడు ఎవరు చెప్పారన్న ప్రశ్న వస్తుంది. ఆపైన చట్టం తన పని తాను చేసుకుపోతుంది."

"తెలియదంటే మీకు కుదరదు. తెలుసంటే నా బిడ్డకు జైలు. మూడోది ఏమన్నా ఉంటే చెప్పండి బాబూ, అదే అంటాను."

ఆ మాటకు కరుణామణి గారు చట్టం పుస్తకం ముందుకు లాక్కున్నారు. పేజీలు తిప్పుతుంటే మా ఆయన వాచీలో ముల్లు వెతికినట్టే ఉంది.

"మూడోది ఉంది. విభాగంలో నమోదైన మూలాధారాన్ని నీకెవరు చెప్పారని అడిగే అధికారం మనకు లేదు. ఈవిడ నమోదు కాలేదు కాబట్టే అడుగుతున్నాం. నాలుగు నెలల కిందటి తేదీ వేసి ఈవిడను నమోదు చేస్తే సరి. అప్పుడు ఆ పిల్ల మాట్లాడింది విభాగం మనిషితో. విభాగం ఎలాగూ వింటూనే ఉంది. వింటున్నవారికే చెప్పడం వెల్లడి చేయడం ఎలా అవుతుంది?"

మళ్ళీ బల్లలు మోగాయి. డైరెక్టరు గారైతే పరవశంతో రెండు చేతులతోనూ కొట్టారు. జేబులోనుంచి కాగితం కూడా తీశారు. అటువంటి కాగితాలు ఆయన దగ్గర ఎప్పుడూ ఉంటాయి కాబోలు.

"ఒక్క షరతు" అన్నారు కరుణామణి గారు, ఈసారి నా వైపు చూడకుండా. "నమోదైన మూలాధారానికీ సంఘం సిబ్బందికీ ఏ విధమైన మాటామంతీ ఉండకూడదు. పద్దెనిమిదో సెక్షను."

"అంటే ఫోన్ చేయకూడదా?"

"కూడదు."

"ఉత్తరం?"

"కూడదు."

"దానికి జ్వరమొస్తే?"

"జ్వరం వస్తే విభాగానికి తెలుస్తుంది" అన్నారు డైరెక్టరు గారు ధైర్యం చెబుతున్నట్టు. "మీకు తెలియకూడదు."

"ఉద్యోగం ఉంటదిగా?"

"ఉంటుంది."

"జైలు?"

"ఉండదు."

సంతకం పెట్టాను. నా సంతకం ఎప్పుడూ వంకరే, ఆ రోజు మరీ వంకరగా పడింది. బంట్రోతులు మళ్ళీ దుప్పటి పట్టుకున్నారు. పొట్టివాడు ఈసారి మునివేళ్ళ మీద నిలబడ్డాడు.

గేటు దగ్గర మా ఆయన "ఏమైంది?" అన్నారు.

"ప్రభుత్వంలో చేరాను" అన్నాను.

మరుసటి రోజునుంచి సాయంత్రం ఏడు కాగానే నాకు ఫోన్ రావడం మొదలైంది. వాసంతి కాదు. విభాగంవారు నియమించిన ఒక అధికారి. "మూలాధారం గారా? ఈరోజు భయములేమైనా కలవా?" అనేవాడు. కడుపుమండి మూడురోజులు ఏమీ లేవన్నాను. నాలుగోరోజు రాజధానిలో రెండు వంతెనలు మూసేశారు. ఎ శ్రేణి మూలాధారం మాట్లాడటం మానేసిందంటే చెప్పలేనంత పెద్దదేదో జరగబోతోందని విశ్వసనీయ వర్గాల భోగట్టా. వంతెనకు ఇటువైపు అంబులెన్సు ఆగిపోయిన ఫొటో చూశాక నాకే సిగ్గేసింది. భయపడటం కూడా ఒక బాధ్యతే అయిపోయింది.

ఐదోరోజు చెప్పడం మొదలుపెట్టాను. ఏం చెబుతాను? నాకున్నది ఒక్కటే భయం. "పిల్ల తింటందో లేదో" అన్నాను. అవతలివాడు రాసుకుంటున్న చప్పుడు వినిపించింది.

"ఇదంతా ఎక్కడికి పోద్ది నాయనా?"

"సంఘం ముందు చదువుతామండి. రెండో నోరు కుదిరితే ముద్ర వేస్తారు."

"చదివింది ఎవరు రాసుకుంటారు?"

"అది రహస్యమండి. రిపోర్టరు గారు."

ఫోన్ చెవికి గట్టిగా ఆనించుకున్నాను.

"అయితే సరిగ్గా రాసుకో" అన్నాను. "రాజధానిలో హాస్టల్లో ఉండే ఒక ఉద్యోగిని తలస్నానం చేసి, జుట్టు ఆరకుండానే ఫ్యాను కింద పడుకునే ప్రమాదం ఉంది. గోంగూర పచ్చడి సీసా వాళ్ళ నాన్న బస్సులో పంపిస్తన్నారు. అందులో తడి గరిటె పెడితే బూజు పట్టే అవకాశం కలదు."

"బూజు... పట్టే... అవకాశము... కలదు. ఎప్పుడండి?"

"వారం లోపల."

ఫోన్ పెట్టేసి గోడ దగ్గరికి వెళ్ళాను. సౌభాగ్యం వదినకు చెప్పాను. వదిన చీరాలకు చెప్పింది. అక్కడితో రెండో నోరు కూడా అయిపోయింది.

తొమ్మిదోరోజున ప్రభుత్వ ముద్రతో కవరు వచ్చింది. సంఘంవారు ఏదైనా అడగవచ్చు, ఆ నాలుగూ తప్ప అని చెప్పాను కదా. మూలాధారం ఒంట్లో ఎలా ఉందన్నది ఆ నాలుగింటిలో లేదు. సభ్యులు ఏడుగురూ తాము అడిగినట్టు రిపోర్టరు రాసినదాన్ని చదవకుండానే సంతకం పెడతారట. చదివితే రహస్యాలు తెలిసిపోతాయేమోనని వారి భయం. కాగితం మీద ఇలా ఉంది: "మూలాధారము తన బీ.పీ. మాత్ర ప్రతిదినము వేసుకొనుచున్నదా? మోకాళ్ళకు నూనె ఎవరు రాయుచున్నారు? మూలాధారము భర్త భూతద్దము లేని కన్నుతో లోకమును చూచుచున్నారా? సత్వరము తెలియజేయవలెనని సంఘము కోరుచున్నది."

మా ఆయన కొట్టులోనే నిలబడి ఆ కాగితం చదివారు. కంటికున్న భూతద్దం తీసి, తుడుచుకుని, మళ్ళీ పెట్టుకుని, ఇంకోసారి చదివారు.

అప్పటినుంచీ సక్రమంగా నడుస్తోంది. నేను భయపడతాను, విభాగం చదువుతుంది, సంఘం ముద్ర వేస్తుంది. వారానికో కవరు వస్తుంది. ఈ చట్టం వచ్చాక నిఘా విభాగానికీ శాసనసభకూ మధ్య సమన్వయం ఎంతో పెరిగిందని మొన్న ఒక పత్రిక రాసింది.

నిన్నటి కవరులో తీర్మానం ఉంది. ఏడుగురి సంతకాలూ ఉన్నాయి. "మూలాధారము పేర్కొన్న ఉద్యోగిని మూడుపూటలా భుజించుచున్నది. జుట్టు ఆరబెట్టుకొనుచున్నది. ఆమె కులాసాగా ఉన్నది. కావున మూలాధారము ఆమె విషయమై ఇకమీదట ఏమాత్రమూ భయపడవలదని ఈ సంఘము ఏకగ్రీవముగా తీర్మానించడమైనది."

మా ఆయన, "చాలా? ఇంకేం కావాలి నీకు?" అన్నారు.

నేను మాత్రం కాగితం పట్టుకుని ఏడు ఎప్పుడవుతుందా అని కూర్చున్నాను. అధికార పక్షం, ప్రతిపక్షం కలిసి ఏడుగురూ ఒక్క మాట మీదికి వచ్చి నన్ను భయపడొద్దంటున్నారంటే, లోపల ఏదో పెద్దదే జరిగి ఉండాలి.